గుండు మీద గీత

మా వీధి కటింగు షాపు ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. అందరూ పిలిచేది మాత్రం సాపు మావయ్య అని. కుర్చీలో కూర్చున్నవాడితో ఆయన మాట్లాడేది తక్కువ. "తల కదపకు, సాపుగా రావాలి" అన్నది తప్ప ఇంకో మాట వినాలంటే గడ్డం కూడా గీయించుకోవాలని మేం నవ్వుకునేవాళ్ళం.

పని అయ్యాక ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు వంచి, మెడను తన కంటి ఎత్తుకు తెచ్చుకుని చూసేవాడు. "ముందు జుట్టు ఎవడికి వాడు దువ్వుకుంటాడు. వెనకది మాత్రం నేను చేసి పంపిందే" అనేవాడు. ఒక్క వెంట్రుక ఎగుడుగా కనిపించినా, లేవబోయినవాణ్ణి భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టేవాడు.

ఆ షాపు ఆయన మావగారిది. అక్కడే పని నేర్చుకుని, ఆ ఇంటి పిల్లనే చేసుకున్నాడు. మావగారు పోతూ పోతూ షాపునూ, బడికెళ్ళే వయసున్న కొడుకునూ కలిపి అల్లుడి చేతిలో పెట్టాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో బావమరిదే కొడుకయ్యాడు. పని మాత్రం వాడికి అబ్బలేదు. "వీడికి కత్తెరిస్తే వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు చెవులు తడుముకోవాలి" అని సాపు మావయ్య ఆ ఆశ వదులుకున్నాడు.

ఊరి చివర మూతబడ్డ నూలుమిల్లులో పైదేశపు సైన్యం దిగింది. కొండల్లో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళను భయపెట్టి ఏలుతున్న ముఠాను తరిమేస్తామన్నారు. తరిమారు కూడా. ముఠా కొండల్లోకి నక్కింది కానీ చావలేదు. ఊరి కుర్రాళ్ళను పోగుచేసి దళం కట్టి, తుపాకులిచ్చి, గస్తీకి తమతో తీసుకెళ్ళేవారు. బావమరిది అందులో చేరాడు. వాడి జతగాడు పొడుగోడూ చేరాడు. ఏ గుమ్మంలోకి వచ్చినా తల వంచాల్సినంత ఎత్తు కాబట్టి వాడికా పేరు. చిన్నప్పటి నుంచీ సాపు మావయ్య ఇంట్లో తిన్న అన్నమే వాడి ఒంట్లో సగం.

మిల్లులో ఉన్న సైనికులకు జుట్టు కత్తిరించడానికి సాపు మావయ్యను పిలిచేవారు. వాళ్ళ కటింగు ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక తలను చుట్టూ తిరిగి చూసి పట్టేశాడు. చెవుల పైదాకా, వెనక మెడ నుంచి నడితల దాకా మెషినుతో నున్నగా తీసేయాలి. పైన మాత్రం ఒత్తుగా వదలాలి. రెండూ కలిసేచోట గీత గీసినట్టుండాలి. ఆ గీత ఆయనకు నచ్చింది. సాపుగా చేసే మనిషికి అంతకంటే ఏం కావాలి?

దళంలో కుర్రాళ్ళు వెంటపడ్డారు. మాకూ అలాగే కావాలన్నారు. "ఈ ఎండకు పనికొచ్చే కటింగు కాదురా, మెడ మాడిపోద్ది" అన్నాడాయన. వాళ్ళు వినలేదు. తర్వాత ఆయనా సరదాపడ్డాడు. కొన్నేళ్ళపాటు దళంలో ప్రతి తలా ఆయన చేతికిందికే వచ్చింది. బజారులో వెనక నుంచి చూసినా ఇతను దళం మనిషి అని చెప్పేయొచ్చు. కుర్రాళ్ళకు అదే గొప్ప.

పైదేశం వాళ్ళు వెళ్ళిపోతారన్న పుకారు ఎండాకాలం మొదట్లో వచ్చింది. షాపులో రోజూ అదే గొడవ.

"వెళ్ళనీండి. ఎవరిల్లు వాళ్ళు చూసుకోవాలి. చుట్టం ఎన్నాళ్ళుంటాడు?" అన్నాడు ఎదురుగా టీకొట్టు నడిపే ఆయన.

"చుట్టం కాదు బాబాయ్. చుట్టమైతే వచ్చేటప్పుడు పండ్లు తెస్తాడు, తుపాకులు తేడు" అన్నాడు పొడుగోడు. అందరూ నవ్వారు.

"నవ్వకు. వాళ్ళ పిల్లలు ఇక్కడ చస్తుంటే వాళ్ళ అమ్మలు ఊరుకుంటారా? నీకు మీ అమ్మ ఎలాగో వాళ్ళకీ అంతే" అన్నాడు టీకొట్టాయన.

"మరి మా సంగతి? వాళ్ళ ముందు నడిచింది మేం కదా. దారి చూపించింది మేం, కొండవాళ్ళ మీద కాల్చింది మేం" అన్నాడు బావమరిది. "అయినా మమ్మల్ని వదలరులే. ఇంటివాళ్ళతో సహా తీసుకెళ్తామని మాటిచ్చారు."

"ఎవరిచ్చారు?"

"అందరూ అంటున్నారు."

"అందరూ అన్నారంటే ఎవరూ అనలేదనేరా" అన్నాడు టీకొట్టాయన.

సాపు మావయ్య కత్తెర ఆపాడు. "వెళ్ళొద్దని నేనెందుకంటాను? ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాల్సిందే. కానీ సగం గడ్డం గీసి, మిగతాది నువ్వే గీసుకోరా అని కత్తి పట్టుకుని పోయేవాణ్ణి పనివాడంటారా?" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాట్లాడాల్సిందంతా అయిపోయింది.

మిల్లుకు వెళ్ళినప్పుడు అక్కడి సార్జెంటును ఆయన నేరుగా అడిగాడు. పెద్ద చెవుల మనిషి, మన మాటలు విరిచి విరిచి మాట్లాడేవాడు.

"వెళ్తున్నారా అయ్యా?"

"పైవాళ్ళు చెప్పాలి. నా కొడుకు నన్ను చూస్తే ఏడుస్తాడు. ఎవరో అనుకుంటాడు. నేను ఇంటికి పోవాలి."

"పోవాలి. మరి మావాడు?"

సార్జెంటు అద్దంలో ఆయన్ని చూశాడు. "మీవాడు మంచి సైనికుడు" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. సాపు మావయ్య తల పట్టుకుని మెల్లగా వంచి, మెడ మీద పని చూసుకున్నాడు.

ఒకరోజు తెల్లవారుజామున లారీల చప్పుడుకు ఊరు లేచింది. మేం చేరేసరికి మిల్లు వెనక గేటు గుండా చివరి లారీ దుమ్ములో కలిసిపోతోంది. ముందు గేటుకు గొలుసు వేసి ఉంది. దాని బయట దళం కుర్రాళ్ళు, కొందరు పెళ్ళాంబిడ్డలతో, మూటలతో నిలబడి ఉన్నారు. రెండో విడత ఉందని ఎవడో అన్నాడు. బావమరిది అక్కడే కూర్చుండిపోయాడు. అక్క వెళ్ళి చెయ్యి పట్టి లాగినా లేవలేదు.

పొడుగోడు అలా కూర్చోలేదు. మధ్యాహ్నానికల్లా షాపులోకి తల వంచుకుని వచ్చాడు. వెనక ఇంకో నలుగురు.

"గుండు కొట్టెయ్ మావయ్యా. ఈ జుట్టు చూస్తే చాలు, ఇంక అడిగేదేం ఉండదు."

కొండవాళ్ళు దిగుతున్నారని కబురు అప్పటికే వచ్చింది. ఏటి మీద వంతెన దాటితే అవతల వేరే జిల్లా, అక్కడికి వాళ్ళింకా చేరలేదు. వంతెన దగ్గర అప్పటికే కాపలా పెట్టారట. బస్సులు మాత్రం వదులుతున్నారట.

సాపు మావయ్య షట్టరు సగం దించాడు. కరెంటు లేదు. ఆ మసక వెలుతురులో ఒకడి తర్వాత ఒకణ్ణి కూర్చోబెట్టి, నీళ్ళు కొట్టి, కత్తితో నున్నగా గీశాడు. చెయ్యి తగిలిస్తూ చూశాడే తప్ప కంటితో చూసే వీలు లేదు. చేతికి ఎక్కడా గరుకు తగల్లేదు. పటిక రాసి తుడిచాడు.

"అద్దంలో కోడిగుడ్డు కనబడుతోందిరా" అని ఒకడు నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు. నలుగురు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. పొడుగోడు అమ్మను పిన్ని ఇంట్లో దింపి తెల్లారి వెళ్తానన్నాడు.

మర్నాడు ఉదయం షాపు ముందు నీళ్ళు చల్లుతున్న సాపు మావయ్యకు, ఎండలో వీధి దాటి వెళ్తున్న పొడుగోడు కనిపించాడు. అటు తిరిగి ఉన్నాడు. ఆయన చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

గుండు రెండు రంగుల్లో ఉంది. ఏళ్ళ తరబడి ఎండ తిన్న మెడా, చెవుల పై భాగమూ నల్లగా కమిలి ఉన్నాయి. జుట్టు కింద దాగిన నడితల పాలిపోయి తెల్లగా ఉంది. రెండూ కలిసేచోట ఆయన గీసిన గీత, ఆ చెవి నుంచి ఈ చెవి దాకా, ఏ మాత్రం వంకర లేకుండా ఉంది. జుట్టు పోయింది, కటింగు పోలేదు. అంతకు ముందు అది తల మీద ఉండేది, ఇప్పుడు చర్మం మీద అచ్చు పడింది.

"లోపలికి రారా" అని వాణ్ణి అరిచి పిలిచాడు. వాడికి వినబడలేదు. సందు మలుపు తిరిగిపోయాడు.

అప్పుడే అవతల నుంచి తిరిగొచ్చిన బస్సు కండక్టరు టీకొట్టు దగ్గర ఆగాడు. టీ చేతికిచ్చినా తాగలేదు. "వంతెన దగ్గర టోపీలు తీయించారు. వెనక్కి తిరగమన్నారు. మెడ చూసి నలుగుర్ని దింపారు" అన్నాడు. "ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళారు. బస్సు ఆగనివ్వలేదు."

సాపు మావయ్య గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. టీకొట్టాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "నువ్వేమన్నా కావాలని చేశావా?" అన్నాడు. ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఎండలోకి తెచ్చి ఒక్కసారి చూసుంటే సరిపోయేది. రోజూ చూసేవాణ్ణి. వెనక్కెళ్ళి చూడందే ఎవణ్ణీ పంపలేదు" అన్నాడు.

ఆ పూటే బావమరిది షాపు వెనకే ఉన్న ఇంటికొచ్చాడు. రెండో విడత రాలేదు. గేటు బయట మిగిలినవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాడి తల మీద జుట్టు అలాగే ఉంది, గీతతో సహా.

"గుండు కొట్టు బావా."

"కొట్టను."

"ఏం? నేను చావాలా?"

సాపు మావయ్య జరిగింది చెప్పాడు. బావమరిది గోడకు జారబడ్డాడు. ఉంచినా దొరుకుతాడు, తీసినా దొరుకుతాడు. ఆ నలుగురిలో ఇద్దరు వాడి పక్కన నడిచినవాళ్ళు.

అప్పుడు నోరు విప్పింది వాడి అక్క. "మా నాన్న బతికున్నప్పుడు తలంతా తామర పట్టినవాడొకడు వచ్చేవాడు, గుర్తుందా? మందు పూసుకుని ఊదారంగు తలతో. వాడొస్తే బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి బయటికెళ్ళేవాళ్ళు."

సాపు మావయ్య ఆమెను చూశాడు. "పేనుకొరుకుడులా చేస్తే?" అన్నాడు.

"పేనుకొరుకుడైతే జాలిపడి దగ్గరికొచ్చి చూస్తారు. తామరైతే దూరం జరుగుతారు. మనకు కావాల్సింది దూరం జరగడమే కదా."

ఆమె మందుల కొట్టుకు పరిగెత్తి ఊదామందు సీసాలు తెచ్చింది. షట్టరు పూర్తిగా దించారు. ఈసారి పెరటి తలుపు తీసి, ఎండ పడేచోట బావమరిదిని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టారు.

సాపు మావయ్య కత్తి తీసి అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చ గీశాడు. వెనక్కి వెళ్ళి చూశాడు. అన్నీ గుండ్రంగా, ఒకే కొలతలో వచ్చాయి.

"ఇదేం తామరండీ? బొత్తాలు కుట్టినట్టుంది" అంది ఆమె.

ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. చెయ్యి వంకరగా వెళ్ళనంది. పాడుచెయ్యాలని వెళ్ళిన ప్రతిచోటా తెలియకుండానే అంచు సరిచేస్తోంది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆమె ఆయన చేతిలోంచి కత్తెర లాక్కుంది. పట్టినచోట పట్టి, తెగినచోట తెగనిచ్చి, తమ్ముడి తలను దూడ మేసిన పంటలా చేసింది. గీత దాటి కిందికీ పైకీ గాట్లు పెట్టింది. వాడు అబ్బా అన్నా ఆగలేదు.

"అక్కా, చెవి!"

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. తల ముఖ్యం."

ఆ ఇంట్లో ఆ రోజు నవ్వు వినబడింది ఆ ఒక్కసారే. అది కూడా సగంలో ఆగిపోయింది, ఎవరో షట్టరు కొట్టారు.

"మావయ్యా!" పొడుగోడి గొంతు. "మావయ్యా, తలుపు తియ్. నా తల సంగతి ఇప్పుడే తెలిసింది. ఏదోటి చెయ్."

సాపు మావయ్య లేచాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. గుసగుసగా అంది, "ఒక్కడికైతే తామర. ఇద్దరికి చేస్తే అది వేషమని చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. వాడి తలకు కూడా పూస్తే ఇద్దరూ పోతారు."

"వాణ్ణి రేపు పంపుదాం."

"ఇవాళ ఊదా తల చూసినవాడు రేపు ఇంకోటి చూస్తే వదులుతాడా?"

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. షట్టరు మళ్ళీ మోగింది. "మావయ్యా, లోపలున్నావని తెలుసు. మందు వాసన వస్తోంది."

బావమరిది పీట మీద నుంచి కదల్లేదు. మెడ మీద ఊదామందు కారుతోంది. "నిన్న లారీలు కదిలే ముందు నేనూ గేటు ఇలాగే కొట్టాను బావా" అన్నాడు నేలను చూస్తూ. "లోపల సార్జెంటు ఉన్నాడు. వినబడనట్టు నిలబడ్డాడు."

సాపు మావయ్య వాడి నోట తర్వాతి మాట కోసం ఎదురుచూశాడు. తలుపు తియ్యమని వాడంటే తీసేవాడు. వాడనలేదు. తన చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. భార్య చెయ్యి వదిలించుకుని వెళ్ళి తానే తియ్యొచ్చు. ఆయనా వెళ్ళలేదు. దూది మందులో ముంచి, మిగిలిన గీత మీద పూశాడు. షట్టరు కాసేపు మోగి ఆగిపోయింది.

పెరటి దారిన అక్కాతమ్ముళ్ళు బస్సుకు వెళ్ళారు. తల మీద ఈగలు ముసరాలని ఆమె బెల్లం నీళ్ళు కూడా చిలకరించింది. సాపు మావయ్య వాడి వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు వంచి, ఎండలో నిదానంగా చూశాడు. ఎక్కడా సాపుగా లేదు. "వెళ్ళు" అన్నాడు.

వాళ్ళు సందు దాటాక వెళ్ళి షట్టరు ఎత్తాడు. పొడుగోడు మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. లేచి, తల వంచుకుని లోపలికి వచ్చాడు. గిన్నెలో ఊదారంగు నీళ్ళు, నేల మీద ఎగుడుదిగుడు జుట్టు చూశాడు.

"మందు మిగిలిందా?"

"మందు మిగిలింది. దారి మిగల్లేదు" అన్నాడు సాపు మావయ్య. "పైన అటక ఉంది. జుట్టు పెరిగేదాకా ఉండు. నల్లటి చోటా తెల్లటి చోటా ఒకేలా పెరిగాక నేనే మామూలు కటింగు చేసి పంపుతాను. మూడు పూటలా అన్నం పైకే వస్తుంది. ఎవడికీ తెలీదు."

"అక్కడ నిద్ర పడుతుందా మావయ్యా?" అన్నాడు పొడుగోడు. గొంతులో కోపం లేదు. "కింద ఎవడో తలుపు కొట్టినప్పుడల్లా, నువ్వు ఎవరికి తీస్తావో ఎవరికి తియ్యవో అని నేను వింటూ పడుకోవాలి కదా."

"నీకు నా మీద..."

"నీ మీద ఏం లేదు. నేనైనా మా తమ్ముణ్ణే కూర్చోబెట్టేవాణ్ణి. కానీ ఇంక ఎవడి మాటా పట్టుకుని పడుకోలేను. క్వారీ దారిన పోతాను. రాళ్ళల్లో పడి ఏరు దాటే చోటు ఏదో ఉంటుంది."

"అక్కడ కొండవాళ్ళుంటారు."

"అన్నిచోట్లా ఉన్నారు."

తువ్వాలు బిగించుకుని వెళ్ళిపోయాడు. సాపు మావయ్య వీధిలో నిలబడి రెండుసార్లు పిలిచాడు. వాడు వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలే ముందు భార్య ఒక్కతే తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే చెప్పింది. "దాటాడు. వంతెన దగ్గర కాపలావాడు టోపీ తియ్యమన్నాడు, వీడు తీశాడు. వాడు ముక్కు మూసుకుని తుపాకీ మొనతో పొమ్మన్నాడు. బస్సులో పక్కవాళ్ళు కూడా లేచి నిలబడ్డారండీ. మా తమ్ముడు దాటాడు." చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. తర్వాత భర్త మొహం చూసి, షాపంతా చూసి, "పొడుగోడెక్కడ?" అంది.

ఆయన సంచి తీశాడు. అన్నం మూట కట్టాడు, నీళ్ళ సీసా పెట్టాడు, మెడ కప్పే పెద్ద టోపీ ఒకటి పెట్టాడు. పెరట్లో పొయ్యి మసి నూనెలో కలిపి డబ్బాలో తీసుకున్నాడు. తెల్లటి చోట పూస్తే దూరం నుంచైనా ఒకే రంగులో కనబడుతుందని అనుకున్నాడట. ఆ ఆలోచన పొద్దున్నే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయనకూ తెలియదు. చెమటకు కారిపోతుందని కూడా తెలుసు.

"మీరు పోతే మీరూ దొరుకుతారు. నేనేం కావాలి?" అని ఆమె అడ్డం నిలబడింది.

"తప్పుకో" అన్నాడు. ఆమెతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

క్వారీ దారంతా నడిచాడు. రాళ్ళగుట్టల దగ్గర ఆగి "పొడుగూ, ఒరేయ్ పొడుగూ" అని పిలిచాడు. గొంతు పెంచి పిలవడానికి లేదు, మెల్లగా పిలిస్తే వినబడదు. ఏటి ఒడ్డున కొండవాళ్ళ లాంతరు కనిపించేదాకా వెళ్ళాడు. అక్కడ కూర్చుని కాసేపు చెవులు రిక్కించి విన్నాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. చేతిలోంచి సంచి తీసుకుంది. బరువు చూడగానే తెలిసిపోయింది. అన్నం మూట విప్పి, పాడవకుండా నీళ్ళు పోసి మూత పెట్టింది.